అరవై శాతం దాటిన బోర్బన్: రుచి చూసే పద్ధతి, ధర తూచే లెక్క

డల్లాస్‌లో ఉండే మా బావ సంక్రాంతికి వచ్చినప్పుడు చొక్కాల మధ్య చుట్టి ఒక బోర్బన్ సీసా తెచ్చాడు. బోర్బన్ అంటే మొక్కజొన్న ఎక్కువగా వేసి అమెరికాలో చేసే విస్కీ. లేబుల్ మీద ఆల్కహాల్ 63 శాతం అని ఉంది. బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని, రోజూ చూసేదే కదా అన్న ధీమాతో స్టీలు గ్లాసులో అరవై మి.లీ. పోసుకుని, నీళ్ళు కలపకుండా ఒక్క గుక్కలో మింగేశాను. గొంతు సంగతి సరే, చెవులు కూడా మండాయి. లోపలి నుంచి మా ఆవిడ "ఎవరికి పొలమారింది?" అని కేకేసింది. బావ నవ్వుకుంటూ, "ఆవకాయ గిన్నెలో చెయ్యి పెట్టి ఉత్తదే నోట్లో వేసుకుంటే ఎట్లుంటాది? అన్నంలో కలుపుకోవాల" అన్నాడు.

ఇలాంటి బోర్బన్‌కి అంతకంటే మంచి పోలిక ఇప్పటికీ నాకు దొరకలేదు. మామూలు సీసాలో నీళ్ళు కంపెనీయే కలిపి పంపుతుంది. దీంట్లో కలపకుండా పంపుతుంది, లేదా చాలా తక్కువ కలుపుతుంది. ఎంత కలుపుకోవాలో మన నాలుక చెబుతుంది. కాబట్టి ఇలాంటి సీసా ముందు పెట్టుకున్నప్పుడు తేల్చుకోవాల్సినవి రెండే. మన నోటికి నప్పే పాళ్ళు ఏవి? ఆ పాళ్ళకి వచ్చాక అందులో మిగిలిన రుచి మనం పెట్టిన డబ్బుకి సరిపోయిందా?

ముందు లేబుల్ చదవండి

మూత తీయకముందే సగం సంగతులు తెలిసిపోతాయి. మొదటి తికమక ప్రూఫ్ దగ్గర, అంటే ఆల్కహాల్ బలం చెప్పే కొలత దగ్గర వస్తుంది. మన దేశంలో తయారయ్యే విస్కీ సీసాల మీద "75 ప్రూఫ్, 42.8 శాతం" అనీ, కొన్నిటి మీద "25 యూపీ" (అండర్ ప్రూఫ్, అంటే 100 ప్రూఫ్‌కి 25 తక్కువ) అనీ ఉంటుంది. అది పాత బ్రిటిష్ కొలత. అందులో 100 ప్రూఫ్ అంటే 57.15 శాతం. అమెరికా వాళ్ళది తేలిక లెక్క, శాతాన్ని రెండింతలు చేస్తే ప్రూఫ్. మా బావ తెచ్చిన 63 శాతం సీసా మీద 126 ప్రూఫ్ అని ఉంటే, "మనది 75, ఇది 126, దగ్గర దగ్గర రెట్టింపు" అని ఒక ఫ్రెండ్ హడలిపోయాడు. మన కొలతలో చూస్తే అది సుమారు 110. అంటే మనం మామూలుగా తాగేదానికి ఒకటిన్నర రెట్లు. రెట్టింపు కాదు గానీ తేలిగ్గా తీసుకునేదీ కాదు. ఆ రోజు స్టీలు గ్లాసులో నేను పోసుకున్నది సిక్స్టీ అనుకున్నాను. ఆల్కహాల్ లెక్కన చూస్తే నైంటీ.

బోర్బన్ అనే మాటకి అమెరికా చట్టంలో గట్టి నిర్వచనం ఉంది. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. బట్టీలో ఆల్కహాల్ 80 శాతానికి మించి తియ్యకూడదు. పీపాలోకి 62.5 శాతానికి మించి పొయ్యకూడదు. రంగు, రుచి ఏవీ బయటి నుంచి కలపకూడదు. అందుకే ఆ ఎర్రటి రంగంతా చెక్క పెట్టిన భిక్షే. కెంటకీ రాష్ట్రంలోనే చెయ్యాలన్న రూలు లేదు, అమెరికాలో ఎక్కడైనా చెయ్యొచ్చు. "స్ట్రెయిట్" అని రాసి ఉంటే కనీసం రెండేళ్ళు పీపాలో ఉన్నట్టు. నాలుగేళ్ళు నిండకపోతే వయసు రాసి తీరాలి. కాబట్టి స్ట్రెయిట్ అని ఉండి వయసు లేకపోతే నాలుగేళ్ళకి తక్కువ కాదని ధైర్యంగా అనుకోవచ్చు.

62.5 అనే అంకె గుర్తు పెట్టుకోండి, ఒక చిన్న గూఢచర్యానికి పనికొస్తుంది. పీపాలోకి వెళ్ళేటప్పుడు అంతకు మించకూడదు కదా, మరి కొన్ని సీసాల మీద 65, 66 ఎలా వస్తున్నాయి? కెంటకీ గోదాములు చాలాచోట్ల అంతస్తుల మీద అంతస్తులుగా ఉంటాయి. పై అంతస్తుల్లో ఎండాకాలం వేడి బాగా ఎక్కువ. అక్కడ ఆల్కహాల్ కంటే నీరు ఎక్కువగా ఆవిరైపోతుంది, దాంతో మిగిలింది చిక్కబడుతుంది. చల్లటి స్కాట్లాండ్‌లో దీనికి ఎదురుగా జరుగుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ శాతం తగ్గుతుంది. అంచేత 62.5 దాటిన బోర్బన్ కనిపిస్తే, అది పీపాలో బాగా ఉడికిన సరుకని అర్థం. ఉడికిందంటే గొప్పదని కాదు. ఉడికిన పప్పు ఉంటుంది, మాడిన పప్పూ ఉంటుంది.

"బ్యారెల్ ప్రూఫ్" అంటే పీపా తెరిచినప్పుడు ఎంత ఉందో దాదాపు అంతే సీసాలోనూ ఉండాలి. రెండు డిగ్రీల ప్రూఫ్‌కి మించి తగ్గకూడదు. "బాటిల్డ్ ఇన్ బాండ్" 1897 నాటి చట్టం: ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్, ప్రభుత్వ పర్యవేక్షణ ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్ళు, సీసాలో సరిగ్గా 50 శాతం. కల్తీ సరుకు ఏరులై పారుతున్న రోజుల్లో వచ్చిన చట్టమది, ఇప్పటికీ నమ్మకంగా కొనదగ్గ ముద్ర. "స్మాల్ బ్యాచ్" అనే మాటకి మాత్రం చట్టంలో అర్థమే లేదు. పది పీపాలూ స్మాలే, వందలూ స్మాలే. ఆ మాట కోసం పైసా ఎక్కువ పెట్టొద్దు.

బ్యాచ్ నంబరు ఉంటే రాసి పెట్టుకోండి. ఎలైజా క్రెయిగ్ బ్యారెల్ ప్రూఫ్ అనే బోర్బన్ మీద ఏ124 లాంటి గుర్తు ఉంటుంది: ఆ ఏడాది మొదటి విడుదల, జనవరి, 2024. బుకర్స్ అనే ఇంకో బోర్బన్‌కీ అంతే, ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో అంకె, రుచిలోనూ తేడా. ఎవరో ఇంటర్నెట్‌లో ఆహా ఓహో అన్న బ్యాచ్, మీ చేతిలో ఉన్న బ్యాచ్ ఒకటే కానక్కర్లేదు. వైల్డ్ టర్కీ వాళ్ళ రేర్ బ్రీడ్ లాంటివి ఎన్నో వయసుల పీపాలు కలిపి, 58.4 శాతం దగ్గర పెద్ద తేడా లేకుండా వస్తాయి. మొదటిసారి కొనేవాళ్ళకి అలాంటిదే మేలు.

ఇక్కడ కొంటుంటే ఇంకొక్క సంగతి. కర్ణాటకలో షాపు సరుకు మీద ఎక్సైజ్ లేబుల్, ఎమ్మార్పీ, దిగుమతిదారు చిరునామా ఉండాలి. "డ్యూటీ ఫ్రీ సరుకు అన్నా, సగం ధరకే ఇస్తా" అని వాట్సాప్‌లో వచ్చేవాటి జోలికి పోకండి. అది చట్టవిరుద్ధం, పైగా ఖరీదైన ఖాళీ సీసాలో ఏం నింపారో దేవుడికే తెలియాలి.

సాయంత్రానికి సిద్ధం చేసుకోవాల్సినవి

స్టీలు గ్లాసు వద్దు. అడుగు లావుగా, మూతి సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసు కావాలి. గ్లెన్‌కెయిర్న్ అని అమ్ముతారు, లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. మూతి వెడల్పైతే వాసన చెదిరిపోతుంది.

నీళ్ళు బోరు నీళ్ళు కాకూడదు. బెంగళూరు బోరు నీళ్ళలో ఉప్పదనం, సున్నపుదనం ఉంటాయి, పది చుక్కలు వేసినా తెలిసిపోతాయి. ఫిల్టర్ నీళ్ళు గానీ కొన్న సీసా నీళ్ళు గానీ పెట్టుకోండి, ఫ్రిజ్‌లోవి కాదు.

పిల్లల జ్వరం సిరప్‌తో పాటు వచ్చే 5 మి.లీ. ప్లాస్టిక్ సిరంజి ఒకటి శుభ్రంగా కడిగి పెట్టుకోండి. ఈ మొత్తం తతంగంలో నేను కొన్న సామానంతటికంటే అదే ఎక్కువ పనికొచ్చింది. సొరుగులో మూలపడి ఉండేది, దాని దశ తిరిగింది.

నోరు కూడా సిద్ధంగా ఉండాలి. ఆంధ్రా మెస్సులో గోంగూర, నాటుకోడి లాగించి వచ్చి రుచి చూస్తానంటే కుదరదు. మిర్చి బజ్జీ, ఫిల్టర్ కాఫీ, వక్కపొడి ఏదైనా సరే, ముందు రెండు గంటలు ఆగాలి. ఖాళీ కడుపుతోనూ వద్దు. పెరుగన్నం తిని కూర్చుంటే చక్కగా ఉంటుంది. మధ్యమధ్యలో నోరు తేలిక చేసుకోవడానికి ఉప్పూ కారం లేని ఉత్త మరమరాలు పెట్టుకోండి. ఇంట్లో సాంబ్రాణి వేసినా, పక్క గదిలో తాలింపు పెట్టినా ఆ పూటకి ముక్కు పని అయిపోయినట్టే.

ఎంత పోసుకోవాలి

20 మి.లీ. చాలు. పిసినారితనం అనుకోవద్దు, లెక్క చూడండి. 63 శాతం సరుకు 20 మి.లీ.లో ఆల్కహాల్ 12.6 మి.లీ. మనం మామూలుగా తాగే 42.8 శాతం విస్కీ 30 మి.లీ. పెగ్గులో 12.8. రెండూ ఇంచుమించు ఒకటే. అంటే ఇరవై పోసుకుంటే ఒక పెగ్గు అయినట్టే. రెండు మూడు రకాలు పోల్చే రోజున ఒక్కోటి పదికి మించి పోసుకోకండి. బండి తాళాలు ముందే లోపల పెట్టేయాలి. మన చట్టంలో హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు, ఈ సరుకుతో దాన్ని దాటడానికి పెద్దగా సమయం పట్టదు.

పోశాక పది నిమిషాలు అలా వదిలేయండి. ముందుగా ఎగిరి ముక్కుకి తగిలే ఘాటు ఆ పది నిమిషాల్లో చాలావరకు తగ్గుతుంది.

వాసన

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. గ్లాసులో ముక్కు దూర్చి గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ ముక్కుని మొద్దుబారుస్తుంది, ఆ తర్వాత అయిదు నిమిషాలు ఏదీ తెలియదు. గ్లాసుని గడ్డం దగ్గర పట్టుకోండి. నోరు కొంచెం తెరిచి ఉంచి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ మెల్లగా పైకి తీసుకురండి. మంట మొదలైన చోట ఆగి, ఒక అంగుళం వెనక్కి రండి. అదే మీ చోటు.

ఇంగ్లిష్ రివ్యూల్లో మేపుల్ సిరప్, టాఫీ, చెర్రీ అని రాస్తుంటారు. మేపుల్ సిరప్ నేను ముప్పై ఏళ్ళు వచ్చేదాకా చూడనేలేదు, అది వెతుక్కుంటూ కూర్చుంటే ఏం లాభం? మన వంటింట్లో ఉన్నవాటితోనే పోల్చుకోండి. నాకు బాగా పనికొచ్చిన కొలబద్ద అరిసెల పాకం. లేత పాకం వాసన వస్తే తక్కువ ఏళ్ళ సరుకు, లేదా తేలిగ్గా కాల్చిన పీపా. ముదురు పాకం అయితే ఆరు నుంచి తొమ్మిదేళ్ళ మంచి బోర్బన్ సాధారణంగా ఉండే చోటు. పాకం మాడిన వాసన మొదలైతే చెక్క మితిమీరిందని అనుమానించాలి. కాల్చిన ఓక్‌లోంచి వచ్చే వనిలిన్ వల్ల ఐస్‌క్రీమ్ బండి దగ్గరి వనిల్లా వాసన వస్తుంది. అదే ఓక్‌లో కొబ్బరి వాసన ఇచ్చే పదార్థం కూడా ఉంది, కొన్నిటిలో కొబ్బరి లౌజు గుర్తొస్తుంది.

మొక్కజొన్న ఎలా తెలుస్తుంది? వాన వెలిసిన సాయంత్రం బండి మీద బొగ్గుల్లో కంకి కాలుస్తుంటే వచ్చే తియ్యటి, పొగచూరిన వాసన గుర్తు తెచ్చుకోండి. అది ఉంటే బాగు. ఆ కాలిన వాసన లేకుండా పచ్చి పిండి వాసన వస్తే ఇంకా పీపాలో ఉండాల్సిన సరుకు. రై ధాన్యం ఎక్కువ పడ్డ బోర్బన్‌లో మిరియం, లవంగం, కొంచెం పుదీనా తగులుతాయి. రై బదులు గోధుమ వేసే మేకర్స్ మార్క్ లాంటివి మెత్తగా, బేకరీ బన్ను వాసనతో ఉంటాయి. జిమ్ బీమ్ కుటుంబంలోని బుకర్స్, నాబ్ క్రీక్ రెండింటిలోనూ నాకు వేరుశెనగ చిక్కీ కనిపిస్తుంది. నెయిల్ పాలిష్ వాసన పది నిమిషాల తర్వాత కూడా పోకపోతే ఆ సీసాకి మార్కులు కొయ్యండి.

ఒక చుక్క అరచేతిలో వేసుకుని రెండు చేతులూ రుద్ది, ఆల్కహాల్ ఎగిరిపోయాక వాసన చూడండి. మిగిలేది ధాన్యం, చెక్క. ఎవరైనా చూస్తే శానిటైజర్ రాసుకున్నాడనుకుంటారు, అంతే.

నోట్లో: మంట వేరు, ఘాటు వేరు

మొదటి గుటక రుచి కోసం కాదు. నాలుగు చుక్కలు నోట్లో తిప్పి, లాలాజలంతో కలిపి మింగేయండి. నోటికి ఇది వస్తోందని చెప్పడమే దాని పని. అసలు లెక్క రెండో గుటక నుంచి. బుకర్స్‌కి తన పేరిచ్చిన బుకర్ నో, విస్కీని నోట్లో నములుతున్నట్టు తిప్పేవాడు. కెంటకీ నమలడం అని దానికి పేరే పడింది. నాలుక మీద, బుగ్గల్లో, చిగుళ్ళ దగ్గర అంతా తిరగనిచ్చి, నెమ్మదిగా మింగి, ముక్కుతో ఊపిరి వదలండి.

ఇప్పుడు మన భాషలో ఉన్న ఒక సౌకర్యం వాడుకోవాలి. మంట, ఘాటు, కారం, వగరు, ఈ నాలుగింటినీ మనం విడివిడిగా ఎరుగుదుం. మంట అంటే గొంతు గీసుకుపోవడం, దాని వెనక రుచి ఏమీ ఉండదు, పచ్చిమిరపకాయ గింజ కొరికినట్టు. ఘాటు ముక్కుకి ఎక్కుతుంది, ఆవపిండి లాగా. కారం నాలుక చివర మిరియంలా చురుక్కుమంటుంది, అది రై నుంచి వస్తుంది, తప్పు కాదు. వగరు పీపా ఇచ్చేది, వక్క నమిలినప్పుడు చిగుళ్ళు బిగిసినట్టు. కాస్త వగరు ఉంటేనే తీపికి పట్టు. ఎక్కువైతే పచ్చి అరటికాయ కొరికినట్టుంటుంది, పన్నెండేళ్ళు దాటిన కొన్ని సీసాల్లో ఇది బాగా తెలుస్తుంది.

మంచి బ్యారెల్ ప్రూఫ్‌లో ముందు తీపి వస్తుంది, తర్వాత కారం, ఆ వెనకే వేడి గుండెల్లోకి దిగుతుంది. బాగా లేనిదాంట్లో మంటే ముందొచ్చి మంటే చివరిదాకా ఉంటుంది. మింగాక గడియారం చూడండి. అర నిమిషంలో అంతా మాయమైతే 63 శాతం ఉండి ఏం లాభం? రెండు మూడు నిమిషాల తర్వాత కూడా నాలుక వెనక బెల్లం, పొగ, చెక్క ఒకదాని తర్వాత ఒకటి తేలుతుంటే ఆ సీసా ఖరీదు గురించి మాట్లాడుకోవచ్చు.

సిరంజి బయటికి తీయండి

నా మట్టుకు అసలు పరీక్ష ఇదే. "నీళ్ళు కలిపితే మందుని అవమానించినట్టే, రా కొట్టాలి" అనేవాళ్ళు మన స్నేహితుల్లో ఒక్కరైనా ఉంటారు. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీ వాళ్ళిద్దరు కంప్యూటర్ లెక్కలతో దీన్ని పరిశీలించారు. విస్కీలో పొగవాసనకి కారణమయ్యే గ్వాయకాల్ అనే పదార్థం 45 శాతం ఆల్కహాల్ దాకా ద్రవం పైభాగంలోనే ఉంటుంది, ముక్కుకి అందుతుంది. 59 శాతం దాటితే ఆల్కహాల్ దాన్ని చుట్టుముట్టి లోపలికి లాగేస్తుంది. అంటే రా కొట్టేవాళ్ళు డబ్బు పెట్టి కొన్న వాసనలో కొంత గ్లాసులోనే వదిలేస్తున్నారు.

20 మి.లీ. 63 శాతం సరుకుకి లెక్క ఇది. సిరంజితో 3 మి.లీ. నీళ్ళు వేస్తే సుమారు 55 శాతానికి వస్తుంది. ఇంకో 2 వేస్తే, అంటే మొత్తం 5 అయితే, 50. మొత్తం 8 అయితే 45. (మధ్యలో తాగిన గుటకల వల్ల కొంచెం అటూ ఇటూ అవుతుంది, పరవాలేదు.) వేరే శాతమైతే పద్ధతి ఇదీ: పోసిన మి.లీ.ని సీసా మీది శాతంతో గుణించి, కావాల్సిన శాతంతో భాగించండి, వచ్చినదాంట్లోంచి పోసినది తీసేస్తే కలపాల్సిన నీళ్ళు.

ప్రతి మెట్టు దగ్గరా రెండు నిమిషాలు ఆగి మళ్ళీ వాసన చూసి, ఒక గుటక వేయండి. నేను కాగితం మీద మూడు గడులు గీసుకుంటాను, 63, 55, 50. మా బావ తెచ్చిన సీసా 63 దగ్గర దాల్చినచెక్క, మంట తప్ప ఇంకేమీ చెప్పలేదు. 55 దగ్గర ఎండు ఖర్జూరం వచ్చింది. 52 దగ్గర, అంటే 4 మి.లీ. పడ్డాక, ఎవరో తలుపు తీసినట్టు మొత్తం ఒక్కసారి విచ్చుకుంది: ముదురు పాకం, కాలిన కంకి, చివర్లో చిన్న వగరు. 45కి తెచ్చేసరికి పలచబడిపోయింది. ఆ సీసాకి దాని చోటు 52. ప్రతి సీసాకీ ఇలాంటి చోటు ఒకటి ఉంటుంది.

నీళ్ళు పడేకొద్దీ రుచి విడిపోయి కూడా, 45 దగ్గర నిలబడితే అది గట్టి సరుకు. 50కే చప్పబడిపోతే అందులో ఉన్నది ఆల్కహాల్ బలమే, రుచి బలం కాదు. నీళ్ళు పడ్డాక ద్రవం కాస్త మసకబారితే కంగారు పడొద్దు, చల్లబరిచి వడకట్టని సరుకు అలాగే ఉంటుంది, అందులో నూనె గుణం ఉన్న పదార్థాలు మిగిలే ఉంటాయి.

ఐస్ వేయాలనుంటే చివర్లో వేయండి. చలి వాసనని తొక్కేస్తుంది. థమ్సప్ మాటెత్తితే మా బావ లేచి వెళ్ళిపోతాడు, నేనైతే ఏమీ అనను, కానీ అందుకు 40 శాతం సీసా చాలు కదా.

బొట్టు బిళ్ళల పరీక్ష

ధర గురించి నిజం తెలియాలంటే లేబుల్ కనపడకూడదు. మా ఆవిడ బొట్టు బిళ్ళలు మూడు రంగులవి తీసుకుని గ్లాసుల అడుగున అంటించాం. ఏ రంగులో ఏది పోసిందో ఆమె ఒక్కదానికే తెలుసు. ముఖ్యమైన నియమం ఒకటి ఉంది, అన్నిటినీ ముందుగా ఒకే శాతానికి తీసుకురావాలి. లేకపోతే నాలుక బలమైనదాన్నే గొప్పదనుకుంటుంది, కారం ఎక్కువైన కూరనే బాగుందనే మా అనంతపురం వాళ్ళలాగా.

ఆ రోజు మూడింటినీ 48 దగ్గరికి తెచ్చాం. ఒకటి మామూలు వైల్డ్ టర్కీ 101, అంటే 50.5 శాతం. ఒకటి బావ సీసా. మూడోది చెక్కపెట్టెలో, మైనం ముద్రతో, పీపా నంబరు చేత్తో రాసి ఉన్న ఒక సింగిల్ బ్యారెల్, అంటే ఒకే పీపా నుంచి నింపింది. దాని పేరు చెప్పను, కొన్నవాడు నేనే. కూర్చున్న నలుగురిలో ముగ్గురు 101ని మొదట పెట్టారు. చెక్కపెట్టె సరుకు మూడోది అయింది, దానికి ఓటేసిన నాలుగోవాడు కూడా "కొంచెం చేదుగా ఉంది గానీ ఏదో ఉంది మామా" అన్నాడు. ఇప్పుడా పెట్టెలో మా అమ్మాయి రంగు పెన్సిళ్ళు పెట్టుకుంటోంది.

ధర తూకం

సీసా ధరని సీసా ధరగా చూడకండి, అందులో ఉన్న ఆల్కహాల్‌కి మి.లీ. ఎంత పడిందో చూడండి. అమెరికా షాపులో ఇలా ఉన్నాయనుకుందాం: 24 డాలర్లకి 40 శాతం సీసా, 30 డాలర్లకి 50 శాతం సీసా, 60 డాలర్లకి 63 శాతం సీసా. అన్నీ 750 మి.లీ. మొదటిదాంట్లో ఆల్కహాల్ 300 మి.లీ., మి.లీ. 8 సెంట్లు. రెండోదాంట్లో 375, అదీ 8 సెంట్లే. అంటే 30 డాలర్లది ఖరీదైనది కానే కాదు, నీళ్ళు తక్కువ, అంతే. మూడోదాంట్లో 472, మి.లీ. దాదాపు 13 సెంట్లు. 8 సెంట్ల చొప్పున దాని విలువ 38 డాలర్ల లోపే. మిగతా 22 డాలర్లు వయసుకీ రుచికీ పేరుకీ కడుతున్నాం. అలాంటప్పుడు బొట్టు బిళ్ళల పరీక్షలో అడగాల్సిన ప్రశ్న "ఏది బాగుంది?" కాదు, "22 డాలర్లంత బాగుందా?"

అక్కడివాళ్ళకి లెక్క ఇంతటితో సరి. బెంగళూరులో ఉన్న మనకి ఇంకోటి ఉంది. విదేశాల నుంచి వచ్చేవాళ్ళు సుంకం లేకుండా తేగలిగేది 2 లీటర్లు. 750 మి.లీ. సీసాలైతే రెండే, మూడోది పెడితే హద్దు దాటుతుంది. కస్టమ్స్ వాళ్ళు లీటర్లు చూస్తారు గానీ శాతం చూడరు. 40 శాతం సరుకు పూర్తిగా 2 లీటర్లు తెస్తే ఆల్కహాల్ 800 మి.లీ. 63 శాతం సీసాలు రెండు, అంటే లీటరున్నర తెస్తే 945. తక్కువ బరువు, ఎక్కువ సరుకు. మన దగ్గర కరువు డాలర్లకి కాదు, సూట్‌కేసులో ఆ రెండు చోట్లకి. అందుకే బావకి ఇప్పుడు చెప్పేది ఒకటే: బెంగళూరు షాపుల్లో దొరికే రకం తేవద్దు, ఇక్కడ దొరకనిది, గట్టిది తీసుకురా. విమానంలో 70 శాతం దాటింది పెట్టనివ్వరు, అక్కడిదాకా వెళ్ళే సీసాలు కొన్ని ఉన్నాయి కాబట్టి లేబుల్ చూసి కొనమని కూడా చెబుతాను.

ఇక్కడి షాపు ధరలకి భయపడడంలో న్యాయం ఉంది. దిగుమతి సుంకం చాలా ఏళ్ళు 150 శాతం. 2025 ఫిబ్రవరిలో బోర్బన్‌కి దాన్ని 100 శాతానికి తగ్గించారు, దాని మీద రాష్ట్ర పన్నులు వేరే. అందుకే బెంగళూరు షాపులో బోర్బన్ కొనేముందు పక్క అరలో మన ఊరి సరుకునీ చూడండి. అమృత్ ఫ్యూజన్ 50 శాతం, అమృత్ క్యాస్క్ స్ట్రెంత్ 61.8. అవి బార్లీతో చేసిన సింగిల్ మాల్టులు, బోర్బన్ కావు, రుచి దారి వేరు. కానీ బెంగళూరు వేడికి పీపాలోంచి ఏటా 10 శాతం పైనే ఆవిరైపోతుంది కాబట్టి తక్కువ ఏళ్ళకే పండుతాయి. అదే డబ్బుకి మి.లీ. లెక్క వేసి చూస్తే నేను చాలాసార్లు అటే వెళ్ళాను.

వయసు మీద డబ్బు పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. స్కాచ్ అలవాటుతో 12 కంటే 15 గొప్ప, 15 కంటే 18 గొప్ప అనుకుంటాం. బోర్బన్ కొత్త పీపాలో, కెంటకీ ఎండలో ఉంటుంది, చెక్క త్వరగా దిగుతుంది. నా నాలుకకి ఏడు నుంచి పదేళ్ళ మధ్యే బాగుంటుంది. అంతకు మించితే వగరుకి కూడా డబ్బు కడుతున్నట్టే.

సీసా తెరిచాక

ఒక్క పూట చూసి తీర్పు చెప్పేయకండి. గట్టి బోర్బన్ మూత తీసిన రోజు మూసుకుపోయి ఉంటుంది. రెండు పెగ్గులు తీసి, రెండు వారాలాగి మళ్ళీ చూడండి, చాలాసార్లు మంట తగ్గి తీపి ముందుకొస్తుంది. సీసాని నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే ఆల్కహాల్ కార్కుని తినేస్తుంది. ఎండ తగలని అలమరా చాలు, ఫ్రిజ్ అక్కర్లేదు. వంటగదిలో పొయ్యి పక్కన అసలే వద్దు, ఈ శాతానికి ఇట్టే అంటుకుంటుంది. సీసాలో నాలుగో వంతుకి వచ్చాక ఆలస్యం చేయకుండా పూర్తిచేయండి, లేదా చిన్న సీసాలోకి మార్చండి. గాలి ఎక్కువైతే రుచి చచ్చిపోతుంది.

ఆఖరి మార్కు మర్నాడు పొద్దున్నే వేస్తాను. రాత్రి తాగిన గ్లాసు కడగకుండా బాల్కనీ గట్టు మీద పెడతాను. ఆరు గంటలకి, కాఫీ డికాషన్ వాసన ఇల్లంతా వ్యాపించకముందే, ఆ ఖాళీ గ్లాసు వాసన చూస్తాను. ఆల్కహాల్ అంతా పోయి ఉంటుంది. తడి చెక్క, పాత దుమ్ము వాసన మిగిలితే పుస్తకంలో పది మార్కులకి అయిదు. బావ సీసా గ్లాసులో మాత్రం అరిసెలు చేసిన మర్నాటి బూరెలమూకుడు వాసన వచ్చింది. ఎనిమిది వేసి, పక్కన "52 శాతం, 4 మి.లీ. నీళ్ళు" అని రాసి, బావకి ఇంకోటి తెమ్మని మెసేజ్ పెట్టాను. పనమ్మాయి వచ్చి గ్లాసు పట్టుకెళ్ళిపోయింది.